చూడని మనిషిని చూసినట్టు రాయకు

బిడ్డా,

రివ్యూ మీటింగులో మీ సబ్ సెంటరు చివరి ర్యాంకులో ఉందని అందరి ముందు అన్నారట. ఆ టెన్షన్‌తో నీకు అన్నం కూడా సయించడం లేదని మీ అమ్మ చెప్పింది. అమ్రాబాద్ వైపు నీలాగే ఏఎన్ఎంగా (ఊళ్లలో గర్భిణులను, పిల్లలను చూసే నర్సుగా), తర్వాత సూపర్‌వైజరుగా పనిచేసిన దాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ట్యాబ్‌లో ఎంట్రీలు, ర్యాంకులు లాంటి కొత్త పద్ధతులన్నీ చెడ్డవనుకోకు. 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక సర్కారు దవాఖానకు కాన్పుకు వచ్చేవాళ్లు పెరిగారు. ఎవరికి టీకా, చెకప్ బాకీ ఉందో చూపే డ్యూ లిస్టు చేతిలో ఉంటే టీకా తప్పిన పిల్లలను వెతకడమూ సులువే. చిక్కల్లా, అంకె చూస్తే పని చూసినట్టేనని పైవాళ్లు అనుకోవడంలో ఉంది. నాలుగు చెకప్‌లు పూర్తయ్యాయని ట్యాబ్ చూపిస్తుంది. బీపీ 140/90 దాటిన మనిషిని పెద్దాసుపత్రికి పంపామా లేదా అన్నది ర్యాంకులోకి రాదు. అది పట్టించుకోవాల్సింది నువ్వే. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్న గర్భిణి కనబడితే ఎంట్రీలు ఆగినా సరే, ముందు 102కి ఫోన్ చేసి బండెక్కించు.

నల్లమల లోపలి చెంచు పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, సిగ్నల్ దొరకని చోట, చూసింది చూసినట్టు తేదీ, టైముతో రిజిస్టర్లో అక్కడే రాసెయ్యి. రోడ్డు మీదికి వచ్చాక ట్యాబ్‌లో ఎక్కించు. రాత్రి ఇంట్లో కూర్చుని గుర్తున్నంత వరకు నింపే అలవాటు మాత్రం చేసుకోకు.

ఇక వలస. మన పాలమూరులో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. హైదరాబాద్‌లో కూలికి పోయిన తల్లి నీ లిస్టులో చెకప్‌కు రానిదానిగానే మిగిలిపోతుంది, మాట నీ మీద పడుతుంది. ఊళ్లోని ఆశా కార్యకర్తనడిగి ఆ తల్లి ఫోన్ నంబరు, ఉంటున్న బస్తీ పేరు రాసుకో. అక్కడి అర్బన్ పీహెచ్‌సీకి కబురు చెయ్యి. చేసినట్టు రిజిస్టర్లో కూడా రాయి.

మీటింగుకు ఒట్టి చేతులతో పోవద్దు. వలస పోయినవాళ్లు, రక్తం తక్కువున్నవాళ్లు, సిగ్నల్ లేని ఊళ్లు అన్నీ ఒక కాగితం మీద రాసి ముందురోజే మీ డాక్టరుగారికి ఇవ్వు. అప్పుడు ఆయనా నీ తరఫున మాట్లాడగలరు.

"ఎట్లనో నింపెయ్" అని ఎవరైనా అంటే, "చూడని మనిషిని చూసినట్టు రాయలేను సార్" అని మర్యాదగానే చెప్పు. కాంట్రాక్టు ఉద్యోగం కదా, నీకు భయముంటుంది. అందుకే ఒక్కదానివే నిలబడకు, మండలంలో ఉన్న ఏఎన్ఎంలంతా కలిసి అడగండి. దొంగ ఎంట్రీ పడితే ఆ గర్భిణి పేరు డ్యూ లిస్టు నుంచి పోతుంది, ఇంక ఆమె గడపకు ఎవరూ పోరు. నాకున్న బాధంతా అదే.

బుధవారం టీకాలయ్యాక ఫోన్ చెయ్యి. ఆ కాగితం ఇద్దరం కలిసి రాద్దాం.

మీ పెద్దమ్మ