ఫోనెత్తినవారు ఛాతీ నొక్కమని చెప్పలేదు. కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది కోనసీమలో ఏటి అవతలి లంక. రెండు నెలల క్రితం నాన్నగారు భోజనం దగ్గరే కుప్పకూలారు. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి మూడుసార్లు అడ్రసు అడిగి, "బండి వస్తోంది, ఆగండి" అని పెట్టేసింది. అప్పటికి నాన్నగారికి ఎగశ్వాస. అంబులెన్స్ రేవు దాకానే వచ్చింది. పడవలో తీసుకెళ్లేసరికి ప్రాణం పోయింది. ఫోనులోనే ఛాతీ నొక్కించి ఉండాల్సిందని తర్వాత ఒక డాక్టరు అన్నారు. మాకు దారి ఉందా?

జవాబు: డాక్టరుగారు అన్నది నిజం. స్పృహ ఉందా, ఊపిరి మామూలుగా ఉందా అని అడిగి, రెండూ లేవంటే ఫోను పెట్టకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కించాలి. ఎగశ్వాస అసలు ఊపిరి కాదు, కానీ దాన్ని చూసి ఇంట్లోవాళ్లు ఊపిరి ఆడుతోందనుకుంటారు. ఆ పొరపాటును పసిగట్టడమే ఫోనెత్తేవారికి నేర్పాల్సిన అసలు పని. అమెరికాలో ఇలాంటి కాల్ సెంటర్ల పనికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసిన ఎఫ్1258 అనే రాతపూర్వక ప్రమాణం ఉంది. మన దేశపు వాహన ప్రమాణం ఏఐఎస్-125 అంబులెన్స్ బండి ఎలా ఉండాలో చెబుతుంది, ఫోనులో ఏం చెప్పాలో చెప్పదు. అందుకే మీ కేసుకు ఆయువుపట్టు, కాల్ సెంటర్ నడిపే సంస్థతో ప్రభుత్వం రాసుకున్న ఒప్పందం.

ఈ వారమే వైద్య ఆరోగ్య శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కాల్ రికార్డింగు, బండి కేటాయించిన సమయం, ఆ ఒప్పందం, ఫోనెత్తేవారికి ఇచ్చిన ప్రశ్నల పట్టిక, శిక్షణ వివరాలు అడగండి. రికార్డింగు చెరిపేయవద్దని విడిగా రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఆలస్యమైతే అదే ముందు పోతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చెప్పలేను. అందరికీ ఉచితంగా ఇచ్చే వైద్యసేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ దారి హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వం మీ హక్కును కాలరాసిందని నేరుగా వేసే పిటిషన్. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణ ఉల్లంఘనేనని సుప్రీంకోర్టే చెప్పి, రైలు నుంచి పడిన కూలీకి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. అయితే ఫోనులో ఏం మాట్లాడారన్నదే వివాదమైతే రిట్ నిలవడం కష్టం. రికార్డింగు గురించి ఇంత పట్టుబట్టేది అందుకే.

ఆ అమ్మాయి మీద పోలీసు కేసు మాత్రం వద్దు. ఆమెకు ఏం నేర్పి కూర్చోబెట్టారో ముందు తెలియాలి. లంకల్లో బండి ఏ రేవుకు రావాలో అడగాలని ఆమెకు ఎవరైనా చెప్పారా?

ఖర్చుకు వెనకాడకండి. మీ అమ్మగారి పేరున వేస్తే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మరణ ధ్రువపత్రం, మీ ఫోనులోని కాల్ వివరాల ప్రింటు పట్టుకెళ్లండి.