కార్డు నాది, కారు అందరిది: నలుగురి న్యూజిలాండ్ ప్రయాణానికి డబ్బెలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాను, చేతికి నెలకు 92 వేలు వస్తాయి. వచ్చే ఏప్రిల్‌లో నలుగురు స్నేహితులం న్యూజిలాండ్ వెళ్లి సౌత్ ఐలాండ్‌లో 12 రోజులు కారు అద్దెకు తీసుకుని తిరగాలనుకుంటున్నాం. మా లెక్క ప్రకారం తలకు రెండున్నర లక్షలు, డీజిల్ ఎస్‌యూవీ అనుకుని వేసిన ఆ ఖర్చుల షీట్ జత చేశాను. ఈ ప్రయాణం కోసం లక్షా పది వేలు దాచాను. ఇవి కాక అత్యవసరానికి 2 లక్షల ఎఫ్‌డీ, నెలకు 15 వేల సిప్ ఉన్నాయి. ఖర్చులూ సిప్పూ పోగా నెలకు 12 వేలు మిగులుతాయి. మాలో ఒకరు ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నారు. మిగతా డబ్బుకు పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా? ఇంకోటి, నా క్రెడిట్ కార్డుకు 3 లక్షల లిమిట్ ఉంది కాబట్టి బుకింగులన్నీ నా కార్డు మీదే చేసి తర్వాత పంచుకుందాం, పాయింట్లు కూడా నీకే అంటున్నారు. చేయొచ్చా?

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు దాన్ని చివర్లో ఏదో చిన్న విషయంలా అడిగారు గానీ నాకు భయం వేసింది దాన్ని చూసే. లోన్ తీసుకుంటే పోయేది వడ్డీ, అది ఎంతో ముందే తెలుస్తుంది. నలుగురి ఖర్చూ ఒకడి కార్డు మీద పెడితే ఎంత పోతుందో తిరిగొచ్చాక రెండు నెలల దాకా తెలియదు.

అద్దె కారు సంగతి చూడండి. కౌంటర్ దగ్గర మెయిన్ డ్రైవర్ పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు గానీ ఫారెక్స్ కార్డు గానీ చాలాచోట్ల డిపాజిట్‌కు పనికిరాదు. మామూలు ఇన్సూరెన్స్‌తో కారు తీసుకుంటే, దెబ్బ తగిలినప్పుడు మొదటి కొన్ని వేల న్యూజిలాండ్ డాలర్లు (ఇక్కడ డాలర్ అంటే అదే) మీరే కట్టుకోవాలి, దాన్ని ఎక్సెస్ అంటారు. కారు ఇచ్చేటప్పుడే దానికి తగ్గట్టు కార్డు మీద హోల్డ్ పెడతారు, అంటే లిమిట్‌లో అంత మొత్తం మీరు వాడుకోకుండా ఆపి ఉంచుతారు. ఉదాహరణకు 4,000 డాలర్లు అనుకుందాం, డాలర్‌కు రమారమి 50 రూపాయలు వేసుకున్నా 2 లక్షలు. మీ 3 లక్షల లిమిట్‌లో అది ఆగిపోయాక మిగిలేది లక్ష. హోటళ్లు కూడా అదే కార్డు మీద పెట్టి ఉంటే, క్వీన్స్‌టౌన్‌లో రిసెప్షన్ దగ్గర కార్డు డిక్లైన్ అయినప్పుడు మిగతా ముగ్గురూ మీ మొహం వైపే చూస్తారు.

అక్కడి రోడ్ల మీద కంకర లేచి అద్దానికి తగలడం చాలా మామూలు. చిన్న పగులే కావచ్చు, బిల్లు మాత్రం మీ కార్డుకే వస్తుంది. స్పీడ్ ఫైన్ అయితే ఇంకా ఆలస్యంగా, మీరు ఆఫీసులో మళ్లీ పనిలో పడ్డాక వస్తుంది, దాని మీద కారు కంపెనీ తన సర్వీస్ ఛార్జీ కూడా వేస్తుంది. ఆ రోజు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో గుర్తుండకపోయినా కార్డు ఎవరిదో మాత్రం వాళ్ల దగ్గర రాసుంటుంది.

అందుకని ఎక్సెస్ సున్నా అయ్యే ఫుల్ కవర్ తీసుకోండి. రోజుకు 30 డాలర్లు పడిందనుకున్నా 12 రోజులకు 360 డాలర్లు, అంటే 18 వేలు, నలుగురికి పంచితే తలకు నాలుగున్నర వేలు. నాకు అనవసరపు ఇన్సూరెన్స్ అంటే చిరాకు, కానీ ఇది అనవసరం కాదు. హోల్డ్ కూడా బాగా తగ్గుతుంది. అయితే ఫుల్ కవర్ ఉంది కదా అని ఎక్కడికైనా తోలేయకండి. క్వీన్స్‌టౌన్ పక్కనున్న స్కిపర్స్ రోడ్, మౌంట్ కుక్ దగ్గర బాల్ హట్ రోడ్ లాంటివి చాలా కంపెనీలు ఇన్సూరెన్స్ నుంచి పేరు పెట్టి మరీ తీసేస్తాయి. పెట్రోల్ కారులో డీజిల్ కొట్టించినా, పేరు రాయించని మనిషి నడిపినా కవర్ ఉండదు. మీలో నడిపే వాళ్లందరి పేర్లూ అగ్రిమెంట్‌లో ఉండాలి, రెండో డ్రైవర్‌కు ఛార్జీ ఉంటే ఉండనివ్వండి. అక్కడ కూడా ఎడమ వైపే నడుపుతారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. తెలంగాణ లైసెన్స్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అదే చెల్లుతుంది, కానీ డిజిలాకర్ చూపిస్తే కుదరదు, అసలు కార్డు జేబులో ఉండాలి. కారు కంపెనీ ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడిగితే ఆర్టీఏలో తీసుకోవచ్చు, ఏడాది పనిచేస్తుంది.

ఇక పాయింట్లు. మామూలు క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు ఛార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి, రెండూ కలిపి 4.13 శాతం. మీ షీట్‌లో కారు, ఇంధనం, గదులు కలిపి తలకు 80 వేలు వేశారు, నలుగురికి 3.2 లక్షలు. దాని మీద మార్కప్పే 13 వేల పైన. ఒక శాతం పాయింట్లు వచ్చినా 3,200. మీ మిత్రులు మీకు ఇస్తున్న బహుమతి ఇదీ! నలుగురిలో ఎవరి దగ్గరైనా మార్కప్ తక్కువగా ఉన్న కార్డు ఉంటే, వాళ్లు డ్రైవింగ్ కూడా చేస్తే, మెయిన్ డ్రైవర్‌గా వాళ్ల పేరే పెట్టండి. రోజువారీ ఖర్చులకు ఫారెక్స్ కార్డు మేలు, కాకపోతే అందులో న్యూజిలాండ్ డాలర్ ఉందో లేదో చూసి తీసుకోండి, అమెరికా డాలర్లు వేసుకుని వెళ్తే గీకినప్పుడల్లా క్రాస్ కరెన్సీ ఛార్జీ పడుతుంది. మెషీన్ మీద రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దనండి, డాలర్లలోనే కట్టండి.

పన్ను వైపు నుంచి కూడా ఒక మాట. ఏడాదిలో క్రెడిట్ కార్డు బిల్లులు 10 లక్షలు చేరితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది, మీ ఏఐఎస్‌లో, అంటే ఆ శాఖ దగ్గరుండే మీ వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తుంది. దానికి పన్ను పడదు గానీ, నలుగురి టికెట్లూ గదులూ మీ మీద పడితే రేపు ఎవరైనా అడిగినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు. ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బుకు మాత్రం ఏడాదికి మనిషికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను), మీరు దాని దరిదాపుల్లో కూడా లేరు. టూర్ ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది, రిటర్న్‌లో వెనక్కి వస్తుందిలెండి.

ఇలా చేయండి. విమాన టికెట్, వీసా, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎవరిది వాళ్లే, వాళ్ల డబ్బుతోనే కొనుక్కోవాలి. ఉమ్మడి ఖర్చు, అంటే కారు, పెట్రోల్, గదులు, వీటికి మాత్రం మీలో ఒకరు కొత్తగా ఒక జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి, తలా 85 వేలు (షీట్‌లోని 80 వేలు, పైన ఫుల్ కవర్ వాటా) అందులో వేయాలి. డబ్బు పడ్డాకే బుకింగ్. ఎవరైనా చివర్లో మానుకుంటే? మీరు రాసినదాన్ని బట్టి ఒక మిత్రుడు ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నాడు, కొత్త కంపెనీలో చేరిన రెండో నెలలోనే 12 రోజుల సెలవు ఎవరిస్తారు? మానుకున్నవాడు తన బదులు ఇంకొకర్ని తెచ్చుకోవాలి, లేదా రద్దు కాని బుకింగుల్లో తన వాటా వదులుకోవాలి. కారుకు ఏదైనా అయితే ఎవరు నడుపుతున్నా అందరూ సమానంగా భరించాలి, తాగి నడిపినా, వద్దన్న రోడ్డెక్కినా మాత్రం ఆ మనిషిదే. ఫైన్ ఎవరు నడిపినప్పుడు పడితే వాళ్లది. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో రాసి నలుగురితో సరే అనిపించండి. మొహమాటంగానే ఉంటుంది. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. తిరిగొచ్చాక రెండు నెలలదాకా ఆ ఖాతాలో 20 వేలైనా ఉంచి, బిల్లులు రావడం ఆగాకే మిగిలింది పంచుకోండి.

ఇప్పుడు లోన్ సంగతి. లక్షన్నర 14 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 7,200, మొత్తం వడ్డీ 22,800 పైచిలుకు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. 12 రోజుల విహారానికి 24 నెలల వాయిదాలు నాకు మింగుడు పడవు. ఎఫ్‌డీ కూడా వద్దు. ఫుల్ కవర్ ఉన్నా విదేశంలో ఊహించనిది ఏదైనా జరిగితే వెనక ఉండేది ఆ 2 లక్షలే.

అయితే మీ రెండున్నర లక్షల లెక్క నాకు సరిపోయినట్టు లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేదు, ఫుల్ కవర్ లేదు, మార్కప్ లేదు. మీరు డీజిల్ ఎస్‌యూవీ చూశారు, అక్కడ డీజిల్ బండ్లకు బంకులో కట్టే ధర కాక కిలోమీటర్ల లెక్కన రోడ్ యూజర్ ఛార్జీ వేరేగా ఉంటుంది, తేలికపాటి వాహనాలకు ప్రభుత్వ రేటు 1,000 కిలోమీటర్లకు 76 డాలర్లు, కారు కంపెనీ దాన్ని చివర్లో బిల్లులో కలుపుతుంది. పెట్రోల్ కారే తీసుకోండి. సౌత్ ఐలాండ్‌లో టోల్ రోడ్లు లేవు, అదొక్కటి కలిసొచ్చింది. మొత్తం మీద 2.8 లక్షలు వేసుకోండి. అంటే ఇంకా కావాల్సింది లక్షా 70 వేలు, చేతిలో 9 నెలలు, నెలకు 19 వేలు. ఖర్చులన్నీ పోగా నెలకు 12 వేలు మిగులుతున్నాయన్నారు, సిప్‌లో 7 వేలు ఈ తొమ్మిది నెలలు తగ్గించి 8 వేలే కొనసాగించండి. సిప్ ఆపొద్దని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను, కానీ 14 శాతం అప్పు కంటే ఇది నయం. ఈ 19 వేలూ జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి వెళ్లేలా పెట్టండి.

కొన్ని చిల్లర విషయాలు, చిల్లర అంటున్నాను గానీ డబ్బే. వీసా వచ్చాకే టికెట్ కొనండి. వీసాకు నెలకు 1,000 డాలర్లు, బస ముందే కట్టేసి ఉంటే 400 చూపిస్తే చాలు కాబట్టి, ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఖాతాలో లక్షలు చూపించే పని పెట్టుకోకండి, హఠాత్తుగా పడిన డబ్బు గురించే ప్రశ్నలు వస్తాయి. వీసా ఫీజుతో పాటు పర్యాటక లెవీ 100 డాలర్లు కూడా ఉంటుంది, 2024 అక్టోబర్‌కు ముందు అది 35 ఉండేది. సిడ్నీ మీదుగా టికెట్ పది వేలు చవగ్గా కనిపించినా ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా కావాలి, సింగపూర్ మీదుగా విమానాశ్రయం దాటకుండా మారితే ఆ గొడవ లేదు. అక్కడ ప్రమాదంలో దెబ్బ తగిలితే పర్యాటకుల చికిత్సకు కూడా ఏసీసీ అనే ప్రభుత్వ పథకం సాయపడుతుంది, కానీ జ్వరానికీ కడుపు నొప్పికీ కాదు, కాలు విరిగితే హైదరాబాద్ తీసుకొచ్చే ఖర్చుకూ కాదు, అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ మానొద్దు. మోటల్ గదుల్లో చాలావాటికి చిన్న వంటగది ఉంటుంది, బియ్యం అక్కడి సూపర్ మార్కెట్లో కొనుక్కుంటే రోజుకు ఒక పూట బయటి భోజనం తప్పుతుంది. ఇంటి నుంచి అమ్మ ఇచ్చే ఆవకాయ, కందిపొడి, స్వీట్లు ఏవి పెట్టుకున్నా దిగేముందు నింపే ట్రావెలర్ డిక్లరేషన్‌లో రాసి, దిగాక చూపించండి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైన్, 20 వేల ఆవకాయ తిన్నట్టు. మిల్‌ఫర్డ్ సౌండ్ వెళ్లే రోజు దారిలోని టె అనౌ ఊళ్లోనే ట్యాంక్ నింపుకోండి.

మీరు ఈ వారం చేయాల్సింది ఒకటే. ఆ ఉద్యోగం మారే మిత్రుణ్ణి పిలిచి సెలవు సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అతను రాకపోతే తలకు 80 వేలు కాస్తా లక్ష దాటుతుంది, అప్పుడు పైన చెప్పిన నెలకు 19 వేల లెక్క మళ్లీ వేసుకోవాలి.