గొంతు ట్రాక్ మీద తేలుతుంటే ముందు గొంగడి కట్టండి

ప్రశ్న: అన్నా, మాది కల్వకుర్తి దగ్గర ఊరు. బతుకమ్మ పాటలు పాడి యూట్యూబ్‌లో పెడుతున్నాం. యూఎస్‌బీ మైకు కొన్నాను, ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. కొన్న మ్యూజిక్ ట్రాక్ మంచిగనే ఉంటది, నా గొంతే దానితో కలవకుండా పైన తేలినట్టు వినిపిస్తది. ఎకో పెంచితే బాయిలకెల్లి పాడినట్టు అవుతుంది. ఏ ఎఫెక్ట్ పెట్టాలె?

జవాబు: మీరు పంపిన పాట హెడ్‌ఫోన్‌లో మూడుసార్లు విన్నాను. ప్రతి చరణం ఆగిన చోట ఒక చిన్న తోక మిగులుతోంది. అది మీరు పెట్టిన ఎకో కాదు, మీ గది పెట్టింది. కింద షాబాదు బండలు, పైన స్లాబు, చుట్టూ నున్నటి సున్నం గోడలు. గొంతు వాటికి తగిలి తిరిగొచ్చి మైకులో పడుతోంది. అలా రికార్డయిన ఎకోను గొంతుకు దెబ్బ తగలకుండా పూర్తిగా తీసేయడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కష్టమే. దాని మీద మీరు ఇంకో ఎకో పెడితే బాయి కాక ఏమవుతుంది?

అందుకే మొదటి ఎఫెక్ట్ గొంగడి. పాలమూరులో గొంగళ్లకు కొదవా! ఇంట్లో ఉన్న రెండు దట్టమైన గొంగళ్లను తాడు మీద వేసి మీ వీపు వెనక వేలాడదీయండి. చాలామంది మైకు వెనక కడతారు. కానీ మైకు మీ వైపు చూస్తోంది కాబట్టి అది ఎక్కువగా వినేది మీ వెనక గోడనే. గొంగడికీ గోడకూ మధ్య జానెడు సందు వదిలితే ఇంకా బాగా పీలుస్తుంది. కింద ఒక బొంత పరవండి. మైకుకు జానెడు దూరంలో, నేరుగా కాకుండా కొంచెం పక్కకు పాడండి. అప్పుడు ‘ప’, ‘బ’ల దగ్గర గాలి దెబ్బ పడదు. గట్టిగా పాడినప్పుడు కూడా శబ్దం ఎంత గట్టిగా ఉందో చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. సున్నాను తాకి పగిలిన గొంతును సరిగ్గా అతికించడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు మిక్సింగ్. మొదట హై పాస్ ఫిల్టర్‌తో 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) కింద ఉన్న మంద్ర శబ్దమంతా కోసేయండి. ఆడవాళ్ల గొంతులో అక్కడ పాటకు పనికొచ్చేదేమీ ఉండదు. ఉండేదల్లా బోరు మోటారు, ఫ్యాను, కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత. తర్వాత ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో, తగ్గించాలో చెప్పే ఈక్యూలో 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఒక 3 డెసిబెల్ తగ్గించండి. కుండలో మూతి పెట్టి పాడినట్టుండే మందం అక్కడే ఉంటుంది.

గొంతు తేలడానికి అసలు కారణం కంప్రెసర్, అంటే గట్టి చోట్లను అణిచి గొంతును సమం చేసే ఎఫెక్ట్, లేకపోవడం. మీరు కొన్న ట్రాక్‌ను ముందే నొక్కిపెట్టి సమం చేసి అమ్మారు. మీ గొంతు మాత్రం లైను మొదట్లో మెల్లగా, ‘ఉయ్యాలో’ దగ్గర గట్టిగా వస్తోంది. అందుకే ఒకచోట మునుగుతుంది, ఇంకోచోట పొడుచుకొస్తుంది. కంప్రెసర్‌లో రేషియో 3 పెట్టండి. అంటే మీరు గీసిన గీతను (థ్రెషోల్డ్) గొంతు 3 డెసిబెల్ దాటితే ఒకటే బయటికి వస్తుంది. గట్టి చోట్ల 4 నుంచి 6 డెసిబెల్ తగ్గేలా ఆ గీతను దించండి, ఆ తర్వాత మొత్తం గొంతును పెంచండి. ట్రాక్‌లో కూడా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఓ 2 డెసిబెల్ తగ్గించండి. మాట స్పష్టత ఉండేది అక్కడే, కాబట్టి గొంతుకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

రివర్బ్, అంటే గదిలో పాడినట్టు అనిపించే ప్రతిధ్వని, చివర్లోనే. పెళ్లిళ్లలో మైకుసెట్టు వాళ్లు ఎకో మీట పూర్తిగా తిప్పేసి మన చెవులను పాడుచేశారని నాకు అనుమానం! ప్రీ డిలే 20, 30 మిల్లీసెకన్లు పెడితే ముందు మాట, ఆ తర్వాత గది వినిపిస్తాయి. ‘టోన్ లో’, అంటే ప్రతిధ్వనిలోని మంద్ర భాగం, తగ్గించండి. రివర్బ్ చెవికి తెలిసేదాకా పెంచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి రండి. తీసేసినప్పుడే అది ఇంతసేపూ ఉందని తెలియాలి.

ఇంకొక మాట. మీ పాటలో కోరస్ కోసం ఒకే గొంతును కాపీ చేసి అతికించారు. దాంతో మోత పెరుగుతుంది కానీ మంది పెరగరు. నిజంగానే మూడుసార్లు పాడి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి జరపండి. ఆ చిన్న చిన్న తేడాల వల్లే పది మంది చప్పట్లు కొడుతూ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది.

ప్రశ్న: మిర్యాలగూడలో మా ఇంటి పక్కనే రైస్‌మిల్లు. నాయిస్ రిడక్షన్ వాడితే మిల్లు మోత పోతోంది కానీ గొంతు నీళ్లలో నుంచి వచ్చినట్టుంది.

జవాబు: మిల్లు మోతా, మీ గొంతూ ఒకే ఫ్రీక్వెన్సీల్లో కలిసి ఉంటాయి. మోతను మరీ ఎక్కువగా గీకితే గొంతు తోలు కూడా ఊడొస్తుంది. పాట మొదలుకాకముందు రెండు సెకన్లు ఊరికే ఉండి రికార్డు చేయండి, ఆ ముక్కనే నమూనాగా ఇవ్వండి. తగ్గింపు 12 డెసిబెల్ ఉంటే 6 చేయండి. ఆడాసిటీలో ‘రెసిడ్యూ’ అని ఒక ఎంపిక ఉంది. ఏది తీసేయబోతోందో అదే వినిపిస్తుంది. అందులో మీ మాటలు వినిపించాయంటే మోతాదు మించినట్టే. లారీ హారన్లకు మాత్రం ఈ మందు పనిచేయదు, ఎందుకంటే ఇది ఆగకుండా ఒకేలా సాగే మోతకే. మిల్లు ఆగాక పాడటం ఇంకా చౌక.

ప్రశ్న: నారాయణపేట నుంచి. ఆటోట్యూన్ పెడితే జానపదం రోబో పాడినట్టు అవుతోంది.

జవాబు: అపశృతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమి లోపలి తరంగాలను లెక్కగట్టేవాడు. అది మామూలుగా గొంతును లాగేది పన్నెండు స్వరాల మెట్ల మీదికే. మన పాటలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుడును అది తప్పనుకుని సరిచేస్తుంది. శృతి, స్కేలు సరిగ్గా ఎంచుకోండి. రీట్యూన్ వేగాన్ని, అంటే స్వరాన్ని సరిచేసే వేగాన్ని, బాగా తగ్గించండి (ఆటోట్యూన్‌లో అంకె పెరిగితేనే వేగం తగ్గుతుంది). పాటంతా కాదు, అపశృతి పలికిన ఆ ఒక్క మాటకే వాడండి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ నుంచి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాడితే గొంతు తాళం వెనక పడుతోంది. ల్యాప్‌టాప్ లోపమా?

జవాబు: కాదు. బ్లూటూత్‌లో ట్రాక్ మీ చెవికి చేరేసరికే ఆలస్యమవుతుంది, తరచూ 100 మిల్లీసెకన్లు దాటుతుంది. మా బావమరిది పెళ్లి పాటకు నేనూ ఇదే తప్పు చేసి, పాడే పిల్లకు తాళం రాదని ఊరంతా చెప్పాను. తర్వాత వైరు ఇయర్‌ఫోన్ ఇస్తే ఒక్క టేకులో పాడేసింది. ఆ పిల్ల ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.