హార్ప్సికార్డ్‌నే నమ్ముకుని బతకొచ్చా?

మీ అమ్మాయి పియానోలో గ్రేడ్ 8 పూర్తిచేసింది, బాఖ్ అంటే ప్రాణం, పియానో వదిలి హార్ప్సికార్డ్ (పియానోకి ముందు కాలపు, తీగలు మీటి పలికించే కీబోర్డ్ వాద్యం) పట్టుకుంటానంటోంది. యూరప్‌లో చదివిస్తే ఆ తర్వాత కచేరీలు చేసుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ బతకగలదా అని అడిగారు. బతకగలదు. కాకపోతే మీరు ఊహించుకుంటున్న దారిలో కాదు. వేదిక మీద ఒక్కరే కూర్చుని వాయించే సోలో కచేరీలతోనే ఇల్లు గడుపుకునే హార్ప్సికార్డ్ విద్వాంసులు చాలా కొద్దిమంది. మిగతావాళ్లకు తిండి పెట్టేవి మూడు: బృందంలో పక్కవాద్యం, శ్రుతి చేయడం, పాఠాలు. ఏ కోర్సులో చేర్చినా ఈ మూడూ గట్టిగా నేర్పుతారా లేదా అన్నదే ముందు చూడండి.

పేరున్నవాళ్ల జీవితాలు చూసినా ఇదే తెలుస్తుంది. 20వ శతాబ్దంలో ఈ వాద్యాన్ని మళ్లీ వేదిక ఎక్కించిన వాండా లాండోవ్‌స్కా 1913 నుంచి బెర్లిన్‌లో పాఠాలు చెప్పారు, తర్వాత పారిస్ దగ్గర సొంత బడి నడిపారు. గుస్తావ్ లియోన్‌హార్ట్ (1928–2012) ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్వేటరీలో ప్రొఫెసర్, అదే ఊళ్లో చర్చి ఆర్గనిస్టు కూడా. స్వరకర్త స్కార్లాటి 555 సొనాటాలూ రికార్డు చేసిన స్కాట్ రాస్‌కు కెనడాలో క్యుబెక్‌లోని లావాల్ యూనివర్సిటీలో ఉద్యోగం ఉండేది. ఇక ట్రెవర్ పినాక్ (ది ఇంగ్లిష్ కాన్సర్ట్, 1972), క్రిస్టఫర్ హాగ్‌వుడ్ (అకాడమీ ఆఫ్ ఏన్షెంట్ మ్యూజిక్, 1973), విలియం క్రిస్టీ (లెజార్ ఫ్లోరిసాఁ, 1979), మసాకి సుజుకి (బాఖ్ కాలేజియం జపాన్, 1990) అందరూ హార్ప్సికార్డ్ వాయించేవాళ్లే. సొంత బృందాలు కట్టారు, పిలుపు కోసం ఎదురుచూసే అవసరం లేకుండా చేసుకున్నారు.

పక్కవాద్యం సంగతి. బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరప్) సంగీతంలో దీన్ని కంటిన్యువో అంటారు. నొటేషన్‌లో ఎడమచేతికి కింది వరస మాత్రమే ఉంటుంది, దాని మీద 6, 7, 4–3 లాంటి అంకెలు వేసి ఉంటాయి. అంకె లేకపోతే ఆ స్వరం మీద మూడోదీ ఐదోదీ పట్టుకోవాలి. 6 ఉంటే మూడోదీ ఆరోదీ. 4–3 ఉంటే నాలుగో స్వరాన్ని ఆపి మూడోదానికి దించాలి. కుడిచెయ్యి ఏం వాయించాలో అక్కడికక్కడ వాయించేవాళ్లు తేల్చుకోవాల్సిందే. మన కచేరీలో పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడికి ఎంత మనోధర్మం కావాలో ఇక్కడా అంతే కావాలి. చాలా పాత ప్రతుల్లో అంకెలు సగమే ఉంటాయి, కొన్నిట్లో అసలు ఉండవు, ఊహించి పట్టుకోవాలి.

పియానో నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడేది మూడు చోట్ల. కుడిచేత్తో గాయకురాలి పాటనే మళ్లీ వాయించేస్తారు. రెండు స్వరాలు చాలే చోట నాలుగు పెడతారు. అందమైన సంగతుల కోసం చూసుకుంటూ కింది వరసను ఆలస్యం చేస్తారు. మూడోది క్షమించరాని తప్పు. కుడిచెయ్యి పూర్తిగా ఆగిపోయినా ఎడమచెయ్యి లయ తప్పకపోతే ఆ రిహార్సల్ గట్టెక్కుతుంది. సాధన క్రమం ఇలా పెట్టుకోమనండి: ముందు అంకెల్లేని మామూలు త్రయాలు, తర్వాత 6, ఆపైన 6-5, 7, చివర్న 4–3 లాంటి ఆలస్య స్వరాలు. దీంతోపాటు ఒక స్థాయి ఆరోహణ, అవరోహణల్లో ప్రతి మెట్టుకీ ఏ స్వరగుచ్ఛం వస్తుందో చెప్పే 'అష్టక నియమం' పన్నెండు శ్రుతుల్లోనూ చేతికి రావాలి. రాజకుమారి ఆన్ కోసం హాండెల్ రాసిన అభ్యాసాలు మొదలుపెట్టడానికి బాగుంటాయి. బాఖ్ కొడుకు సి.పి.ఇ. బాఖ్ కీబోర్డ్ వాదనపై రాసిన గ్రంథం రెండో భాగం (1762) దాదాపు మొత్తం ఈ విద్య గురించే, కానీ అది రెండో ఏడాదికి. వారానికోసారి మూడు గంటలు చేసేకంటే రోజూ 20 నిమిషాలు మేలు.

చిన్న ఆర్గన్ మీద చెయ్యి తిరిగితే పిలుపులు చాలా పెరుగుతాయి, ఎందుకంటే బాఖ్ చర్చి సంగీతానికి ఎక్కువ బృందాలు ఆర్గన్‌నే వాడతాయి. నెదర్లాండ్స్‌లో ఈస్టర్‌కి ముందు వారాలన్నీ బాఖ్ సెయింట్ మాథ్యూ పాషనే; డిసెంబర్‌లో జర్మనీలో బాఖ్ క్రిస్మస్ ఒరటోరియో, ఇంగ్లండ్‌లో హాండెల్ మెసయ్య. ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క ఈ రెండు కాలాల్లోనే వస్తుంది, జులై, ఆగస్టుల్లో ఫెస్టివల్స్ లేకపోతే చేతులు ఖాళీ. ఆర్గన్‌కీ హార్ప్సికార్డ్‌కీ స్పర్శ వేరు. హార్ప్సికార్డ్ స్వరం మీటగానే తగ్గిపోతుంది కాబట్టి స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి చిలకరించి వాయిస్తారు. ఆర్గన్ మీద అదే చేస్తే వినడానికి చికాకు, అక్కడ తక్కువ స్వరాలు, ఒకేసారి.

శ్రుతి చేయడం గురించి ఎంత చెప్పినా తక్కువే. పియానోకి ట్యూనర్ వేరే ఉంటాడు, ఇక్కడ చాలావరకు వాయించేవాళ్లే ట్యూనర్. ఐదు స్థాయిల రెండు కీబోర్డుల వాద్యంలో ఒక్కో కీబోర్డుకి 61 మెట్లు, రెండు కీబోర్డులకూ కలిపి స్వరానికి మూడు తీగలు, అంటే 183 తీగలు. చెయ్యి తిరిగినవాళ్లకి ముప్పావుగంట, కొత్తవాళ్లకి రెండు గంటలు. యాప్ వాడటం తప్పేం కాదు, కానీ హాల్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడులో యాప్ తబ్బిబ్బవుతుంది, చెవి తట్టుకుంటుంది.

ఎక్కువగా అడిగే శ్రుతి పద్ధతుల్లో వలోట్టి ఒకటి. పన్నెండు పంచమాలనూ శుద్ధంగా పెడితే చివరికి వలయం కలవదు, కాస్త తేడా మిగిలిపోతుంది. ఆ తేడాను ఎఫ్-సి, సి-జి, జి-డి, డి-ఎ, ఎ-ఇ, ఇ-బి అనే ఆరు పంచమాలకు సమానంగా పంచి, మిగతా ఆరింటిని శుద్ధంగా ఉంచుతారు. చేసే క్రమం: శ్రుతికట్టె (ట్యూనింగ్ ఫోర్క్) నుంచి ఎ=415 (సెకనుకు 415 కంపనాలు) తీసుకుని కింది స్థాయి ఎ కలపాలి. అక్కణ్ణుంచి ఒకవైపు డి, జి, సి, ఎఫ్, ఇంకోవైపు ఇ, బి, అన్నీ కాస్త ఇరుకు చేసిన పంచమాలు. నడిమి సి కింది ఎ, దాని పైనున్న ఇ కలిపి వాయిస్తే ధ్వని పది సెకన్లలో సుమారు 14 సార్లు హెచ్చుతగ్గులుగా ఊగాలి. ఆ తర్వాత ఎఫ్ నుంచి బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. బి నుంచి ఎఫ్ షార్ప్, సి షార్ప్, జి షార్ప్, ఇవన్నీ ఊగకుండా శుద్ధంగా. చివర్న జి షార్ప్, ఇ ఫ్లాట్ కలిపి చూడండి. అది కూడా శుద్ధంగా వస్తే పని సరిగా అయినట్టు, ఊగితే మొదటి ఆరింటిలో ఎక్కడో పంపకం తప్పింది. నడిమి స్థాయి కుదిరాకే పైకీ కిందికీ వెళ్లాలి, ఒక వరస తీగలు పూర్తయ్యాకే రెండో వరస.

కొత్తవాళ్లు తీగలు తెంపేది దాదాపు ఒకే కారణంతో: శ్రుతి సుత్తిని (తీగ మేకులు తిప్పే పనిముట్టు) పక్క మేకు మీద పెట్టి తిప్పుతుంటారు, వింటున్న తీగ కదలట్లేదని ఇంకా తిప్పుతారు, పక్క తీగ టప్పున పోతుంది. మొదటి కదలిక వెంట్రుకవాసి ఉండాలి, చెవికి మార్పు తెలియకపోతే ఆపి చూసుకోవాలి. కొత్త తీగ కొన్ని రోజులపాటు దిగుతూనే ఉంటుంది, కాబట్టి కచేరీ రోజు పొద్దున మార్చిన తీగను విరామంలో మళ్లీ చూడాల్సిందే.

ఇంకో ఉచ్చు ఉంది. చాలా వాద్యాల్లో కీబోర్డును పక్కకు జరిపి బరోక్ ఎత్తు 415 నుంచి ఇప్పటి 440కి మార్చే ఏర్పాటుంటుంది. జరిపితే ఎత్తు మారుతుంది సరే, మీరు పంచిన పంచమాలు కూడా అర మెట్టు పక్కకు పోతాయి. సి మేజర్ తియ్యగా ఉండాల్సిన చోట కరుకుగా పలుకుతుంది. జరిపాక శ్రుతి మళ్లీ చేయాలని నిర్వాహకులకు ముందే చెప్పి సమయం అడగాలి. వేదిక మీద ఆర్గన్ కూడా ఉంటే మరీ చూసుకోవాలి: దీపాల వేడికి హార్ప్సికార్డ్ తీగలు సాగి శ్రుతి దిగుతుంది, ఆర్గన్ గొట్టాల్లో గాలి వేడెక్కి శ్రుతి పెరుగుతుంది. రెండూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి. దీపాలు వెలిగించి అరగంట అయ్యాక శ్రుతి చేస్తే సగం తిప్పలు తప్పుతాయి.

మరమ్మతులు కూడా వాయించేవాళ్ల మెడకే. మెట్టు నొక్కితే జాక్ అనే సన్నని పుల్ల లేచి, దానికున్న ఈక (ఇప్పుడు ఎక్కువగా డెల్రిన్ ప్లాస్టిక్) తీగను మీటుతుంది. మెట్టు ఒకసారి పలికి రెండోసారి పలకకపోతే ఈక తీగ కిందికి సరిగా తిరిగి రాలేదని అర్థం. ఈక పొడుగైందా, తేమకు జాక్ ఉబ్బి గాడిలో బిగుసుకుందా, ఈకను పట్టుకునే నాలుక స్ప్రింగు మెత్తబడిందా, డాంపర్ బట్ట మరీ కిందికి ఉందా, ఈ నాలుగూ చూడాలి. ఒకటి కాకుండా వరస మొత్తం నీరసంగా పలుకుతుంటే ఈకల జోలికి వెళ్లకండి. పొడి వాతావరణానికి చెక్క కుదించుకుని జాక్‌లను పట్టి ఉంచే వరస పట్టీ జరిగి ఉంటుంది, దాని మర కాస్త తిప్పితే సరిపోతుంది. కంగారులో కొత్త ఈకలు కోసేసి, వర్షం పడగానే అన్నీ పొడుగై తల పట్టుకునేవాళ్లు ఎందరో. సంచిలో ఎప్పుడూ ఉండాల్సినవి: పదునైన కత్తి, ఈకలు కోసే చిన్న చెక్కదిమ్మ, డెల్రిన్ పట్టీ, సైజు రాసిపెట్టిన ఇత్తడి, ఇనుప తీగలు, చిన్న లైటు.

రవాణాకి కాళ్లు విప్పి, పొడవాటి నిటారు పక్క కింద ఉండేలా దుప్పటి మీద నిలబెట్టి ఎక్కిస్తారు. రెండు కీబోర్డుల ఫ్రెంచ్ తరహా వాద్యం రెండు మీటర్ల పైనే, ఇద్దరు మనుషులు, పెద్ద బండి తప్పదు. సొంత వాద్యం తీసుకెళ్లేవాళ్లకు పని ఎక్కువ దొరుకుతుంది, నడుం నొప్పి కూడా. ఒప్పుకునే ముందు కాగితం మీద ఇవన్నీ విడివిడిగా ఉండాలి: వాయించినందుకు, వాద్యం అద్దెకు, రవాణాకు, శ్రుతికి ఎంతెంత, శ్రుతి ఎత్తు ఎంత, పద్ధతి ఏది, రిహార్సల్‌కి ముందు, కచేరీకి ముందు హాలు నిశ్శబ్దంగా ఎంతసేపు ఇస్తారు. అన్నీ కలిపి ఒకే మొత్తం చెబితే శ్రుతి, మోత ఉచితం అయిపోతాయి.

చదువుకి స్విట్జర్లాండ్‌లో 1933లో మొదలైన స్కోలా కాంటోరమ్ బాసిలియెన్సిస్, నెదర్లాండ్స్‌లో ది హేగ్, ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్వేటరీలు, జర్మనీలో బ్రెమెన్ వంటివి ఈ రంగంలో పేరున్నవి. మన ఇళ్ల నుంచి చూస్తే జర్మనీయే అందుబాటు: ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. వీసాకి ఏడాది ఖర్చు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగల బ్యాంకు ఖాతా) చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. పట్టా వచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఉంటుంది. స్వతంత్రంగా పనిచేసే కళాకారులకు ఆరోగ్య, పింఛను బీమాలో సగం భరించే క్యూన్‌స్ట్లర్‌సోట్సియాల్‌కాసె అనే వ్యవస్థ ఉంది, చేరగలిగితే పెద్ద ఊరట.

పాఠాల విషయానికొస్తే, హార్ప్సికార్డ్ మాత్రమే నేర్పే ఉద్యోగాలు జర్మనీలో అరుదు. చాలామంది సంగీత బళ్లలో పియానో, హార్ప్సికార్డ్ కలిపి చెబుతారు, లేదా కళాశాలల్లో రికార్డర్, బరోక్ వయొలిన్ విద్యార్థులకు పక్కవాద్యం వాయిస్తూ గంటల లెక్కన తీసుకుంటారు. ఆ గంటల ఒప్పందంలో సెలవులకు జీతం ఉండదు, పైగా ప్రతి సెమిస్టర్‌కీ కొత్త సంతకం. ఫ్రాన్స్‌లో పురపాలక కన్సర్వేటరీల్లో హార్ప్సికార్డ్ తరగతులు ఎక్కువే, కానీ అక్కడి బోధన డిప్లొమా, ఫ్రెంచ్ భాష రెండూ ఉండాలి. అందుకే వాయిద్యం పట్టాతోపాటు బోధన పట్టా కూడా తీసుకోమనండి. ఆ రెండేళ్లు దండగ అనుకుని మానేసినవాళ్లు ముప్పైలలో వెనక్కొచ్చి చదువుకోవడం మామూలే.

వెనక్కి హైదరాబాద్ వచ్చేస్తే ఆదాయం ప్రధానంగా పియానో, థియరీ పాఠాల మీదే ఉంటుంది. వాద్యం తెచ్చుకుంటే గదిలో తేమ 45–55 శాతం దగ్గర నిలకడగా ఉంచాలి. ఏసీ పగలు వేసి రాత్రి ఆపడం నిలకడైన తేమకంటే ఎక్కువ చెరుపు, శ్రుతిపలక చీలుతుంది.

ఇప్పుడే హార్ప్సికార్డ్ కొనకండి. మంచి తయారీదారు దగ్గర రెండు కీబోర్డులది పదుల వేల యూరోల్లో లెక్క, ఆపైన ఎదురుచూపు. చిన్న క్లావికార్డ్ (చాలా మెల్లగా పలికే పాతకాలపు కీబోర్డ్ వాద్యం) ఒకటి దొరికితే అపార్ట్‌మెంట్‌లో పక్కింటికి కూడా వినపడదు, వేళ్లు క్రమశిక్షణకొస్తాయి. ప్రవేశ పరీక్షకు సాధారణంగా ఒక ఫ్రోబర్గర్ లేదా ఫ్రెస్కోబాల్డి టొకాటా, కూప్రాఁ లేదా రామో నృత్యాలు, బాఖ్ ప్రెల్యూడ్-ఫ్యూగ్, ఒకటి రెండు స్కార్లాటి సొనాటాలు ఉంటే చాలు; అంకెలేసిన ఎడమచేతి వరస అక్కడికక్కడ ఇచ్చి వాయించమంటారు. జర్మనీలో శీతాకాల సెమిస్టర్‌కి దరఖాస్తులు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లో ముగుస్తాయి, పరీక్షలు మే, జూన్‌లో. దానికి ముందు వేసవిలో ఒక బరోక్ సంగీత శిబిరానికి పంపి, చేరదలచుకున్న ప్రొఫెసర్ దగ్గర ఒక పాఠం తీసుకోనివ్వండి. చాలామంది ఈమెయిల్ రాస్తే ఒప్పుకుంటారు. ఆ గంటలో ఆయన సోలో ముక్కలే వినిపించుకుని అంకెల వరస ఊసే ఎత్తకపోతే, ఇంకో ప్రొఫెసర్‌ని కూడా చూడండి.