తెల్లకోటు సుద్ద రాసినట్టు ఎందుకు తయారైందంటే

నమస్తే అండీ. నెపోలియన్ కాలపు ఆస్ట్రియా సైనికుల 28 మిల్లీమీటర్ల బొమ్మల తెల్లకోటుకు ఐదు పూతల తెల్లరంగు వేసినా కింది నల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) తొంగిచూస్తోందనీ, పైగా సుద్ద రాసినట్టు గరుకుగా మారిందనీ రాశారు. లోపం మీ చేతిలో లేదు, మొదలుపెట్టిన చోట ఉంది. తెల్ల అక్రిలిక్‌కు నలుపును కప్పే శక్తి చాలా తక్కువ. కప్పాలని చిక్కగా వేస్తే సుద్దలా పేరుకుంటుంది.

తరువాతి బొమ్మకు లేత బూడిద ప్రైమర్ వాడండి. కోటుకు అచ్చ తెలుపు అసలు వద్దు. ఆ సైనికుల అసలు కోటు రంగు వేయని ఉన్ని, దానికి కాస్త పసుపు ఛాయ ఉంటుంది. అందుకని వయ్యేహో కంపెనీ ఐవరీ (దంతపు తెలుపు) రంగులో చిటికెడు లేత బూడిద కలిపి, చుక్కకు చుక్క నీళ్లు పోసి, కుంచెను టిష్యూకు ఒకసారి అద్ది పలుచగా వేయండి. మూడు పూతలు పట్టవచ్చు. ఒక్కొక్కటీ పూర్తిగా ఆరాలి. సగం ఆరిన రంగును కుంచెతో కదిపితే మళ్లీ అదే గరుకు వస్తుంది.

బొమ్మంతా వాష్‌తో (మడతల్లోకి దిగే బాగా పలుచని ముదురు రంగుతో) ముంచెత్తకండి, తెలుపు మురికిపడుతుంది. మోచేతి మడతల్లో, ఛాతీ మీది అడ్డపట్టీల అంచుల వెంట మాత్రం గోధుమ కలిసిన బూడిదతో సన్నని గీత గీయండి. తెల్లకోటు మీద తెల్లపట్టీ విడిగా కనిపించేది ఆ గీత వల్లనే. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. అచ్చ తెలుపును చివరికి దాచుకోండి: భుజం మీద, పట్టీ అంచున, మోకాలి మీద ఒక్కో చుక్క చాలు.