పిక్ లేని గిటారిస్టు

ప్రశ్న: బ్రిటిష్ రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్‌లో పాటలు రాసేది, పాడేది, లీడ్ గిటార్ వాయించేది అంతా మార్క్ నాఫ్లరే కదా. అలాంటప్పుడు బ్యాండ్‌ని ఆపేసి సోలోగా వెళ్లడం ఎందుకు? గొడవలేమైనా జరిగాయా?
– కాలేజీ బ్యాండ్‌లో గిటార్ వాయించే పాఠకుడు

జవాబు: గొడవ జరిగింది, కానీ చాలా ముందు. బ్యాండ్‌లోనే గిటార్ వాయించే నాఫ్లర్ తమ్ముడు డేవిడ్ 1980లోనే, మూడో ఆల్బమ్ రికార్డింగ్ మధ్యలో వెళ్లిపోయాడు. ఆ తర్వాత బ్యాండ్ పదిహేనేళ్లు నడిచింది. నన్నడిగితే దాన్ని ఆపింది దాని సైజే.

1985 నాటి 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' ఆల్బమ్ ప్రపంచమంతా కలిపి దాదాపు 3 కోట్లు అమ్ముడైంది. 1991-92లో చివరి టూర్‌కి 200 పైచిలుకు షోలు. బ్యాండ్ అంత పెద్దదయ్యాక తన క్రూలో ఎవరెవరు పనిచేస్తున్నారో తనకే తెలియకుండా పోయిందని నాఫ్లరే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. బ్యాండ్ పెట్టకముందు లీడ్స్‌లో పత్రికా విలేఖరిగా, తర్వాత ఎసెక్స్‌లో ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేసిన మనిషి. 1977లో బ్యాండ్ మొదలయ్యేనాటికి వయసు ముప్పైకి దగ్గర పడుతోంది. స్టేడియం మోజు ఆయనకి మొదట్నుంచీ తక్కువే అనిపిస్తుంది నాకు.

పైగా సోలో అనేది ఒక్కరోజులో జరగలేదు. బ్యాండ్ జోరుగా ఉన్న 1983లోనే 'లోకల్ హీరో' సినిమాకి సంగీతం చేశాడు. 1990లో అమెరికన్ కంట్రీ గిటారిస్టు చెట్ ఆట్కిన్స్‌తో కలిసి ఒక ఆల్బమ్ చేశాడు. 1995లో బ్యాండ్ ఆగింది, 1996లో సోలో ఆల్బమ్ 'గోల్డెన్ హార్ట్' వచ్చింది. ఇక అక్కడినుంచి ఆయన పాటల్లోకి ఎవరెవరో వచ్చేశారు: అమెరికాలో సరిహద్దు గీత గీసిన సర్వేయర్లు మేసన్, డిక్సన్, బాక్సర్ సానీ లిస్టన్, హాంబర్గర్ల వ్యాపారి రే క్రాక్. విలేఖరి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ప్రశ్న: నాఫ్లర్‌లా వేళ్లతో వాయించాలని నేనూ పిక్ (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) పక్కన పడేశాను. రెండు నెలలైనా స్పీడ్ రావడం లేదు. ఏం చేయమంటారు?
– అదే పాఠకుడు

జవాబు: ఇదీ అసలు ప్రశ్న! నేనూ ఆ పిచ్చిలో పడ్డవాణ్ణే. ఆరు నెలలు వేళ్లు బొబ్బలెక్కాయి, మా బ్యాండ్ డ్రమ్మర్‌కి నా గిటార్ వినిపించడమే మానేసింది.

వీడియోలో ఆయన కుడిచేతిని బాగా గమనించండి. తీగల మీద బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే ఉంటాయి. మిగతా రెండూ గిటార్ ఒంటి మీద ఆనించి ఉంచుతాడు. ఆ ఊతం లేకుండా మీరు చేతిని గాల్లో వేలాడదీసి వాయిస్తున్నారేమో చూసుకోండి, నేను చేసిన తప్పు అదే. ఇంకో సంగతి, ఆయన ఎడమచేతివాటం మనిషి. అయినా కుడిచేతివాళ్లలాగే పట్టుకుని వాయిస్తాడు.

డైర్ స్ట్రెయిట్స్ పాట 'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్'ని మొదట లోహపు ఒళ్లున్న నేషనల్ గిటార్ మీద కట్టాడు. చప్పగా ఉందనుకున్నాడు. 1977లో స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాక అదే పాటకి ప్రాణం వచ్చిందట. అందుకని స్పీడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ గిటార్‌నీ, ఆంప్‌నీ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) ఓసారి మార్చి చూడండి. పిక్ మాత్రం పారేయకండి, నేను మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది.

ప్రశ్న: బ్యాండ్ మళ్లీ కలుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆశ పెట్టుకోకండి. 2018లో బ్యాండ్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడే నాఫ్లర్ రాలేదు. 2024 జనవరిలో లండన్‌లో తన గిటార్లు నూటికి పైగా వేలం వేశాడు. 80 లక్షల పౌండ్లు దాటింది. 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' రికార్డింగ్‌లో వాయించిన గిబ్సన్ లెస్ పాల్ కూడా అందులోనే పోయింది, ఇప్పుడది ఎవరింట్లోనో ఉంది.