క్యాబ్ బుక్ చేసింది కొడుకు, ఎక్కింది అమ్మ: లెక్క ఎవరి పేరున?

ప్రశ్న: 2020లో అమ్మాయి పురిటికని సింగపూర్ వెళ్ళాను. కరోనాతో విమానాలు ఆగిపోయి నెలల తరబడి అక్కడే ఉండిపోయాను. రోడ్డు మీద చెయ్యెత్తి ట్యాక్సీ ఆపితే లోపల అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమనేవారు. ఫోన్లో బుక్ చేసుకుంటే మాత్రం అక్కర్లేదనేవారు. చెయ్యెత్తి ఆపితే అంటుకునే వైరస్ బుక్ చేసుకుంటే అంటుకోదా? ఈ డౌటు ఇప్పటికీ తీరలేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ డౌటు న్యాయమైనదే అమ్మా. వైరస్‌కి తేడా లేదు, తేడా అంతా లెక్కలోనే. ఆ స్కాన్ జబ్బు రాకుండా ఆపడానికి కాదు, వస్తే మిమ్మల్ని వెతికి పట్టుకోడానికి. డ్రైవర్‌కి పాజిటివ్ వచ్చిందనుకోండి, లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి ఆ కారు ఎక్కినవాళ్ళందరికీ కబురు చెయ్యాలి. రోడ్డు మీద ఎక్కి, డబ్బులిచ్చి దిగిపోయిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. బుక్ చేసుకున్నవాళ్ళ నంబరు, ఎక్కిన చోటు, దిగిన టైము కంపెనీ దగ్గర ఎలాగూ ఉంటాయి కాబట్టి వాళ్ళకి సేఫ్‌ఎంట్రీ (ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్ళారో నమోదు చేసే సింగపూర్ ప్రభుత్వ ఏర్పాటు) స్కాన్ అక్కర్లేదన్నారు.

అయితే ఇందులో నాకు ఒక లోటు కనిపిస్తుంది. కంపెనీ దగ్గరుండేది బుక్ చేసినవాళ్ళ నంబరు, ఎక్కినవాళ్ళది కాదు. మన ఇళ్ళల్లోనే చూడండి, కొడుకు డల్లాస్‌లో కూర్చుని కూకట్‌పల్లిలో ఉన్న అమ్మానాన్నలకి ఆస్పత్రికి క్యాబ్ బుక్ చేస్తాడు, "తెల్ల డిజైర్ వస్తోంది, ఓటీపీ రాసుకో అమ్మా, గేటు బయటికి రండి" అని ఫోన్లో చెప్తాడు. ఆ డ్రైవర్‌కి జబ్బని తేలితే కబురు వెళ్ళేది డల్లాస్‌కి. అక్కడ అర్ధరాత్రి, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్న ఆ ఇద్దరు పెద్దవాళ్ళకి సంగతి తెలిసేసరికి ఒక రోజు గడిచిపోతుంది, ఈలోపు వాళ్ళు మనవరాలి పుట్టినరోజుకి కూడా వెళ్ళొచ్చి ఉండొచ్చు. అందుకే బుక్ చేసినా సరే, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కోడ్ స్కాన్ చేసి చెక్-ఇన్ అవ్వాలంటాను, ముగ్గురు ఎక్కితే ముగ్గురూ.

ఒక్క కారుకి ఇంత హడావిడా అనుకోకండి. 2021 జూన్‌లో సిడ్నీలో విదేశీ విమాన సిబ్బందిని తిప్పే ఒక లిమోజిన్ డ్రైవర్‌కి డెల్టా రకం సోకినట్టు తేలింది. ఆ ఊళ్ళోనే బాండై అనే పేట వైపు మొదలైన ఆ కేసులు పెరిగి పెరిగి, జూన్ 26 నుంచి అక్టోబరు 11 దాకా ఊరంతా లాక్‌డౌన్‌లో ఉంది. తప్పు ఆ డ్రైవర్‌ది అనడం లేదు. తలుపులు మూసిన కారు ఎంత చిన్న గదో, అందులో రోజూ ఎంతమంది మారతారో ఆలోచించమంటున్నాను.

ప్రశ్న: ఆక్లాండ్‌లో చదువుకుంటూ క్యాబ్ నడిపేవాణ్ణి. కోడ్ పోస్టర్ లామినేట్ చేయించి హెడ్‌రెస్ట్ వెనక కట్టాను. రాత్రిపూట లోపల లైటు వెయ్యకపోతే కెమెరా పట్టదు, వేస్తే పోస్టర్ మీద వెలుగు పడి అసలే పట్టదు. స్కాన్ చెయ్యమంటే కొందరు విసుక్కునేవారు, రేటింగ్ పోతుందని టెన్షన్. సగం మంది చెయ్యనప్పుడు ఆ పోస్టర్ వల్ల ఏం లాభం?
– ఖమ్మం నుంచి వెళ్ళిన ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నీ టెన్షన్ నాకు అర్థమైంది. న్యూజిలాండ్‌లో 2020 సెప్టెంబరు నుంచి బస్సులతో పాటు ట్యాక్సీలు, క్యాబ్‌లలో కూడా కోడ్ పెట్టడం తప్పనిసరి చేశారు, కానీ స్కాన్ చెయ్యాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టానికే వదిలారు. నీ బాధ్యత కోడ్ కనిపించేలా పెట్టడం, అంతే. మనిషి మెడలు వంచి స్కాన్ చేయించడం నీ పని కాదు, అది ఎవరైనా నీ నెత్తిన పెట్టి ఉంటే అది అన్యాయం. బాడుగ డబ్బుల మీద, స్టార్ల మీద బతికేవాడిని గేటు దగ్గర కాపలా పెట్టకూడదు.

సగం మంది చేసినా లాభమే. ఆ కారులో ఫలానా టైములో ప్రమాదం ఉందని ఆరోగ్య శాఖ సమాచారం పంపితే, స్కాన్ చేసిన ఫోన్ తన దగ్గరున్న లెక్కతో పోల్చుకుని హెచ్చరించేది. పదిమందిలో ఐదుగురికి ఆ రోజే తెలియడం, ఒక్కరికీ తెలియకపోవడం ఒకటి కాదు. ఎప్పుడైనా మళ్ళీ ఈ అవసరం వస్తే వెనక తలుపు అద్దానికి బయటి నుంచి కనిపించేలా ఇంకో కోడ్ అంటించు, నువ్వు డిక్కీలో సామాను పెడుతుంటే వాళ్ళు నిలబడి స్కాన్ చేసుకుంటారు. కారు కదిలాక ఊగుతున్న చేత్తో కోడ్ పట్టడం కష్టం. అద్దాలు మాత్రం దించే ఉంచు. స్కాన్ తర్వాతి సంగతి, గాలి ఇప్పటి సంగతి.

ప్రశ్న: 2020లో హైదరాబాద్‌లో ఒక క్యాబ్ ఎక్కితే డ్రైవర్ నోట్‌బుక్ ఇచ్చి పేరు, ఫోన్ నంబరు రాయమన్నాడు. కరోనా రోజులు కదా అని రాశాను. వారం తర్వాత తెలియని నంబరు నుంచి రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు. బ్లాక్ చేశాను. ఇలాంటి లెక్కలు పోలీసులకి కూడా వెళ్తాయని విన్నాను. నిజమేనా?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: నిజమేనమ్మా. 2021 జనవరిలో సింగపూర్ పార్లమెంటులోనే, ట్రేస్‌టుగెదర్ (ఎవరు ఎవరి దగ్గర మసలారో బ్లూటూత్‌తో గుర్తుపెట్టుకునే ప్రభుత్వ యాప్) సమాచారాన్ని పోలీసులు నేర విచారణకి తీసుకోవచ్చని చెప్పారు. అంతకు ముందు జబ్బున్నవాళ్ళ దగ్గర మసలినవాళ్ళని వెతకడానికే అన్నారు. జనానికి కోపం వచ్చింది, ఫిబ్రవరిలో చట్టం తెచ్చి ఏడు రకాల తీవ్ర నేరాలకి మాత్రమే అని హద్దు పెట్టారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కూడా అక్కడి ప్రభుత్వ యాప్ సేఫ్‌డబ్ల్యూఏ చెక్-ఇన్ లెక్కలు పోలీసులు ఒక హత్య కేసు కోసం తీసుకున్నట్టు 2021లో బయటపడింది, వెంటనే దాన్ని ఆపుతూ చట్టం చెయ్యాల్సి వచ్చింది.

హత్య కేసుకైనా ఇవ్వకూడదన్నదే నా మాట. నేరగాడి మీద జాలితో కాదు, పోలీసులు చూస్తారన్న అనుమానం ఒక్కసారి పుడితే ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కూడా దొంగ పేరు రాస్తారు, అప్పుడు జబ్బు వచ్చినవాణ్ణి వెతకడానికి ఆ లెక్క పనికిరాదు. హాంగ్‌కాంగ్ చెక్-ఇన్ యాప్ లీవ్‌హోమ్‌సేఫ్‌లో ట్యాక్సీ ఎక్కిన వివరం ఫోన్లోనే 31 రోజులుండి చెరిగిపోయేలా పెట్టారు. సింగపూర్‌లో గడువు 25 రోజులు ఉండేది. మీరు రాసిన నోట్‌బుక్‌కి గడువేది? ఇప్పటికీ ఏదో కారు డ్యాష్‌బోర్డులో పడి ఉండొచ్చు. మీ తర్వాత ఎక్కినవాళ్ళందరూ మీ నంబరు చూసి ఉంటారు. అందుకే ఆడపిల్లల విషయంలో నేను క్యూఆర్ కోడ్ వైపే. స్కాన్ చేస్తే డ్రైవర్‌కి మీ పేరు కూడా తెలియదు. ఇక ముందు ఎవరైనా నోట్‌బుక్ చాపితే నంబరు రాయనని మొహమాటం లేకుండా చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారికి స్మార్ట్‌ఫోన్ లేదు. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఆయన్ని ఎలా చెక్-ఇన్ చేయించాలి?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: సింగపూర్‌లో పెద్దవాళ్ళకి ముందుగా బ్లూటూత్ టోకెన్ ఇచ్చారు, ట్రేస్‌టుగెదర్ యాప్ పనే చేసే, మెడలో వేసుకునే చిన్న బిళ్ళ. అది లేనిచోట మీ ఇంటి గోడ క్యాలెండర్ చాలు. పాల లెక్క రాసే గడిలోనే, ఆయన ఇంటికి రాగానే, కారు నంబరులో చివరి నాలుగు అంకెలు, ఎక్కిన టైము రాయించండి, ఆ కారు గురించి కబురొస్తే చూసుకోవచ్చు.